గట్టు తగాదా

భోజనాల తర్వాత పిలుస్తారు, ఎటూ వెళ్ళకండి అని బంట్రోతు చెప్పి వెళ్ళినప్పటి నుంచి రాజమండ్రి సెషన్స్ కోర్టు వరండాలోని ఈ బెంచీ నాకొక్కడికే మిగిలింది. నాకంటే ముందు ఇక్కడ కూర్చున్న సాక్షుల తలలు ఆని ఆని గోడ మీద ఒకచోట సున్నం నల్లబడి నూనె జిడ్డుతో మెరుస్తోంది. అక్కడ తల ఆనించకూడదని, నిటారుగా కూర్చోవాలని ఒక నియమం పెట్టుకున్నాను. జడ్జి గారు లోపలి గదిలో భోజనం చేస్తున్నారు. ఖాళీ హాల్లో ఫ్యాన్లు ఎవరి కోసమో తిరుగుతున్నాయి. అటుపక్క ప్లీడర్ల గదిలోంచి గోంగూర వాసన, దాని వెనకే ఒక పెద్ద నవ్వు. ఆ నవ్వు వినగానే నా మెడ అటు తిరిగింది, అచ్చం చంద్రరావు నవ్వులా ఉంది కాబట్టి. చంద్రరావు అక్కడ నవ్వే వీలు లేదని నాకు తెలుసు. అతను కింద మెట్ల దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య, చేతికి గొలుసుతో, హత్యా నేరం మీద ముద్దాయిగా నిలబడి ఉన్నాడు. తర్కానికి ఎప్పుడో తెలిసిన సంగతి మెడకు తెలియడానికి ఇంత ఆలస్యం ఎందుకవుతుందో, కాలేజీలో అంతకాలం లాజిక్కు చెప్పి రిటైరైనా నాకు తెలియలేదు.

ఇప్పుడు పిలిస్తే నేను లోపలికి వెళ్ళి రెండే పనుల్లో ఒకటి చేస్తాను. పోయిన వేసవిలో మా అరటితోట గట్టు మీద, పక్క తోట గణేష్‌బాబు చంద్రరావుతో అన్న మాటను చెప్తాను, లేదా చెప్పను. చెప్పకపోతే అది హత్య; యావజ్జీవం. చెప్తే, ఆ మాట విని ఒళ్ళు తెలియని కోపంలో కొట్టిన దెబ్బ అవుతుంది. చట్టం దానికి వేరే అంకె ఇచ్చింది, కొన్నేళ్ళకు మనిషి ఇంటికొస్తాడు. హత్యకు మూడువందల రెండో సెక్షను, దీనికి మూడువందల నాలుగు. పక్కపక్క ఇళ్ళ నంబర్లలా ఉంటాయి. ఒక ఇంటికి తలుపులున్నాయి, రెండోదానికి లేవు. ఆ మాట విన్నవాళ్ళలో ఒకడు చచ్చిపోయాడు, ఒకడు నోరు విప్పనంటున్నాడు, పక్క తోట కూలీల్ని ఎవరూ సాక్షులుగా పిలవలేదు. మిగిలింది నేను. ఇంత సులువైన సమస్యను ఏ విద్యార్థికి ఇచ్చినా పరీక్షలో రెండు వాక్యాల్లో తేల్చేవాడు. కాని ఆ విద్యార్థి భార్యకు చంద్రరావు మేనబావ కాడు.

నా భార్య రత్నమాణిక్యానికి మేనమామ కొడుకు చంద్రరావు. పుట్టినప్పుడే అనుకున్న సంబంధం అంటారు వాళ్ళ ఊళ్ళో, ఆ ఊరివాళ్ళకు పుట్టినప్పుడే అనుకోనిది ఏదీ లేదు. తీరా పెళ్ళి మాటలప్పుడు ద్రాక్షారామం నుంచి వచ్చిన సిద్ధాంతి జాతకాలు చూసి వద్దన్నాడట, పిల్లకు వైధవ్యం ఉందని. ఆ దోషం ఊరంతా పాకింది. జాతకం అడగని పెళ్ళికొడుకు కావాల్సి వచ్చాడు, జాతకాలను అచ్చులో వెక్కిరించే లెక్చరరు ఒకడు రాజమండ్రిలో ఉన్నాడని ఎవరో చెప్పారు. నేను జీవితమంతా ఏ మూఢనమ్మకాన్ని చీల్చి చెండాడానో అదే నాకు పెళ్ళి చేసింది. ఈ సంగతిని నేను హాస్యంగా ఎన్నో సభల్లో చెప్పాను, జనం నవ్వారు. ఇంటికొచ్చాక ఒక్కణ్ణే కూర్చుంటే ఆ హాస్యం అడుగున ఇంకొక వాక్యం కనిపించేది: సిద్ధాంతి నోరు మూసుకుని ఉంటే ఆవిడ నాది కాదు. పెళ్ళి పందిట్లో చంద్రరావు, బావ హోదాలో, అందరూ వినేలా అన్నాడు, "మా మాణిక్యాన్ని లాజిక్కాయనకి ఇచ్చేశారండీ, ఇంకావిడ పప్పులో ఉప్పేశానంటే చాలదు, రుజువు చెయ్యాలి!" పందిరంతా విరగబడి నవ్వింది. ఆవిడా నవ్వింది. మేలిముసుగు లేదు కాబట్టి నేను స్పష్టంగా చూశాను. పెదవులతో కాదు, భుజాలతో నవ్వింది. ముప్పై ఆరేళ్ళలో నా మాటకు ఆవిడ భుజాలు కదలగా నేను చూడలేదు. పెదవులు చాలాసార్లు కదిలాయి, మర్యాదస్తురాలు.

అసూయ గురించి చదివాను. మనిషికి ఆస్తి అనే భావం పుట్టాక పుట్టిన గుణమనీ, సమాజం మారితే రాలిపోతుందనీ రాసినవాళ్ళున్నారు. నేనూ రాశాను, ఒక చిన్న పత్రికలో. రాసిన రోజు సాయంత్రమే, పని మీద రాజమండ్రి వచ్చిన చంద్రరావు గుమ్మం ముందు సైకిలాపి, "మాణిక్యం, కాఫీ ఉందా?" అన్నాడు. నేను ఆవిణ్ణి ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. మా ఇళ్ళల్లో మొగుడు పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవడు, పెళ్ళామూ పిలవదు. ఇదిగో అంటాం, ఏమోయ్ అంటాం, లేదంటే ఊరికే గొంతు సవరించుకుంటాం. నేను దేవుణ్ణి వదిలేశాను, తద్దినాలు వదిలేశాను, జంధ్యం లేని కులమే అయినా ఉంటే అదీ వదిలేసేవాణ్ణి. ఈ గొంతు సవరించుకోవడం మాత్రం వదల్లేదు. అది ఆచారమని ఎప్పుడూ తట్టలేదు. బావకు మాత్రం అడ్డేముంది? వీధిలోంచే పిలుస్తాడు. ఆ పేరు ఆ గొంతులో ఎంత తేలిగ్గా దొర్లుతుందో విని, నేను పుస్తకంలో పేజీ తిప్పేవాణ్ణి, చదవని పేజీ.

చంద్రరావుకు పెళ్ళయింది, భార్య పోయింది, మళ్ళీ చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదన్నది నేను ఎవరినీ అడగలేదు. నాలో నేను అడుగుతూనే ఉన్నాను. రిటైరయ్యాక మేము రావులపాలెం దగ్గర ఆవిడ ఊరికే వెళ్ళి ఉండిపోయాం, వాళ్ళమ్మ ఇచ్చిన అరటితోట అక్కడుంది. తోట పేరుకు మాది, చూసేది చంద్రరావు. ఏ పిలక ఉంచాలో ఏది నరికెయ్యాలో అతనికి తెలుసు, గెల ఎప్పుడు దించితే మార్కెట్టుకు వెళ్ళేసరికి సరిగ్గా ఉంటుందో తెలుసు. నేను గొడుగు పట్టుకుని గట్టు మీద నిలబడతాను. "మాస్టారూ, జారుద్ది, అటు నిలబడండి" అంటాడు. చాలా మర్యాదగా అంటాడు. ఒక్కసారైనా అమర్యాదగా ఉంటే బాగుండేది, ద్వేషించడానికి ఒక ఆధారం దొరికేది. నాకు దొరికిన ఆధారాలన్నీ ఆవిడ భుజాల్లో ఉన్నాయి, వాటిని ఏ కోర్టూ సాక్ష్యంగా తీసుకోదు.

ఆ రోజు పొద్దున మా తోటలో గెలలు కోస్తున్నాడు. చేతిలో వంపు కత్తి, గెలలు నరికేది. నేను గట్టు మీద. గణేష్‌బాబు తన తోటలోంచి వచ్చాడు, గట్టు అతని వైపు అడుగు జరిగిందని ఎప్పుడూ ఉండే గొడవే, ప్రతి వర్షాకాలం తర్వాతా ఉండేదే. చంద్రరావు వాడితో వేళాకోళంగానే మాట్లాడాడు, "నీ గట్టు నేనేం చేసుకుంటాను రా, కూర వండుకుంటానా?" అన్నాడు. అప్పుడు గణేష్‌బాబు నా వైపు చూశాడు. నా గొడుగు వైపు, చేతిలోని పుస్తకం వైపు. చూసి, చంద్రరావుతో అన్నాడు: "తోటా నువ్వే చూస్తావు, ఆయన పెళ్ళాన్నీ నువ్వే చూస్తావు. మాస్టారు పుస్తకాలు చూసుకుంటారు. బాగా పంచుకున్నార్రా!" ఆ మాట నా చెవిలో పడిన తర్వాత నాలో జరిగినది నేను ఎన్నోసార్లు పరిశీలించాను. మొదట వాక్య నిర్మాణం గమనించాను. మూడు భాగాలు, ఒకే క్రియ, చివరి భాగంలో గుచ్చు. నిజం, అదే గమనించాను. ఒళ్ళు మండడం మొదలైందా, మొదలవబోతోందా, తెలిసే లోపల కత్తి లేచింది. ఒకటే దెబ్బ. రెండోది లేదు. కత్తి అక్కడే పడేసి, గణేష్‌బాబు తల ఒళ్ళో పెట్టుకుని, నీళ్ళు, నీళ్ళు తెండి మాస్టారూ అని అరిచాడు. నేను తెచ్చేసరికి నీళ్ళ అవసరం తీరిపోయింది. చంద్రరావు తలెత్తి నా వైపు చూశాడు. "మీరు ఇంటికెళ్ళండి మాస్టారూ. వాడేమన్నాడో మీరు వినలేదు. మాణిక్యం చెవిన పడకూడదు." మనిషిని చంపిన నిమిషానికి కూడా ఆవిడ పేరు అతని నోట్లోంచే వచ్చింది, ఆవిణ్ణి కాపాడే పని అతనికే తట్టింది. నా పెళ్ళాన్ని అన్న మాటకు కోపం కూడా అతనికే ముందొచ్చింది.

తర్వాత ఇన్‌స్పెక్టరు వచ్చాడు, కొత్తవాడు, చురుకైనవాడు. శవపంచాయతీకి ఊళ్ళో పెద్దమనుషుల్ని పిలిచారు. హత్య జరిగిన చోట శవం చుట్టూ కూర్చుని ఎవరు చంపి ఉంటారు, ఎందుకు చంపి ఉంటారు అని ఊరి పెద్దలు తమ అభిప్రాయం చెప్పాలి, పోలీసులు రాసుకోవాలి, అదీ పద్ధతి. అరటి ఆకుల నీడలో అందరూ గొంతుక్కూర్చున్నారు. ఆ మాట పక్క తోటలో కూలీలకు వినబడింది, వాళ్ళ నుంచి వీళ్ళకు చేరింది, కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. పెద్దవాడు బుల్లిరాజు గారు గొంతు తగ్గించి అన్నారు, "ఆడకూతురి పేరు కాగితం మీదెందుకండీ. గట్టు తగాదా అని చెబుదాం. ఆ తగాదా ఉందా లేదా? ఉంది. అబద్ధమేం కాదు." అందరూ తలలూపారు. ఊపి, నా వైపు చూశారు, సమ్మతి కోసం పిల్లనిచ్చేవాణ్ణి చూసినట్టు. నేను గొడుగు మడుస్తున్నాను. ఇన్‌స్పెక్టరు నన్ను చూసిందేమిటో అడిగాడు, చూసింది చెప్పాను. విన్నదేమిటో అడగలేదు.

ఆ రోజు ఆ ఆకుల కింద ఎంత దయ ఉందో! ఒక ఆడమనిషి మీద దయ, ఆవిడ మొగుడి మీద దయ, ముద్దాయి మీద కూడా దయే అనుకున్నారు పాపం, అతనూ ఆ మాట ఎత్తట్లేదు కదా అని. ఆ దయంతా కలిసి ఉరితాడు పేనింది. ఎప్పటినుంచో గట్టు తగాదా ఉంది కాబట్టి కక్ష ఉంది. కక్ష ఉంది కాబట్టి ఉద్దేశం ఉంది. చేతిలో కత్తి ఉంది కాబట్టి సిద్ధపడి వచ్చాడు. అరటితోటలో గెలలు కోసేవాడి చేతిలో కత్తి కాక వీణ ఉంటుందా అని అడిగేవాడు ఆ కాగితాల్లో ఎక్కడా లేడు. కారణం మొదట చెప్పిన చోటే అంకె ఖాయమైంది, అంకె ఖాయమైన చోటే సగం తీర్పు ఖాయమైంది. బెయిలు రాకపోవడం, జైలు, ఇవాళ్టి ఈ బెంచీ అన్నీ ఆ మొదటి వాక్యం నుంచి తర్కబద్ధంగా వచ్చాయి. నా జీవితంలో నేను చూసిన నిర్దోషమైన తార్కిక నిర్ధారణ ఇదొక్కటే, ఒక్క ఆధారవాక్యం తప్ప.

మా నాన్న ఈ కోర్టులోనే, జడ్జికి తన అభిప్రాయం చెప్పే అసెసరుగా కూర్చున్నారు, తెల్లవాళ్ళ కాలంలో. ఊరివాళ్ళు జూరీ అనేవారు, ఆయనా కాదనేవారు కాదు, జూరీ అంటే గౌరవం ఎక్కువ. నిజానికి అసెసరు మాట జడ్జి వినాలనేమీ లేదు. పెళ్ళాన్ని చంపాడన్న ఒక రైతు కేసులో నాన్న, ఇతను చంపలేదు అని అభిప్రాయం చెప్పారట. ఎందుకు అని దొర అడిగితే, "అతని ఎడ్లను చూశానండి, కొమ్ములకు నూనె కూడా రాసి ఉంది, అంత ఒద్దిగ్గా పశువుల్ని చూసుకునేవాడు మనిషిని చంపడు" అన్నారట. జడ్జి వినలేదు, శిక్ష వేశాడు. నాన్న చనిపోయేవరకూ తనే గెలిచినట్టు చెప్పుకునేవారు. ఈ కథను నేను ప్రతి ఏడాదీ క్లాసులో చెప్పేవాణ్ణి, అసంబద్ధ నిర్ధారణకు ఉదాహరణగా. ఊరి మనుషులకు న్యాయం అప్పజెప్తే ఎడ్లను చూసి తీర్పు చెప్తారు, అందుకే అసెసర్లు పోయారు, జూరీలూ పోయాయి, మంచి పనే జరిగింది అనేవాణ్ణి. ఇవాళ ఈ బెంచీ మీద కూర్చుని పన్నెండు మందిని ఊహించుకుంటున్నాను, మా గోదావరి లంకల నుంచి, మెరక ఊళ్ళ నుంచి, అరటి రైతులు, కొబ్బరి రైతులు, చేపల వ్యాపారం చేసే వీరబాబు లాంటివాడొకడు. వాళ్ళ ముందు ఆ మాట చెప్తే ఒక్కడు కూడా పుస్తకం తిరగెయ్యడు. "ఎవడైనా అంతే చేస్తాడండి" అంటారు. విడిచిపెట్టేస్తారు. విడిచిపెట్టి, పన్నెండు తలలూ నెమ్మదిగా నా వైపు తిరుగుతాయి. పక్కనే మొగుడున్నాడే, ఆయనేం చేశాడు? ఆ పన్నెండు మందిలో చంద్రరావు మీద ఎంత ప్రేమ ఉంటుందో తలచుకుంటే నాకు ఇప్పటికీ నోరు చేదవుతోంది. దోషం చేసినవాడి మీద అసూయ పడటం ఏ తర్కశాస్త్రంలోనూ లేదు. అతను చంపినందుకు కాదు. చంపడానికి కావలసినదేదో, ఆ ఒక్క క్షణపు నిశ్చయం, నా పెళ్ళాం విషయంలో అతని దగ్గర ఉండి నా దగ్గర లేనందుకు.

పొద్దున అశోక్ వచ్చి ఈ బెంచీ మీదే కూర్చున్నాడు. చంద్రరావు తరఫు ప్లీడరు, కుర్రవాడు, ఒకప్పుడు నా విద్యార్థి. "మాస్టారూ, ఆయన నన్నడగనివ్వట్లేదండి. ఆవిడ పేరెత్తితే వకాలతు వెనక్కి తీసుకుంటానంటున్నాడు. నేనడగలేను. మీరే చెప్పాలి. సర్కారు ప్లీడరు, పీపీ గారు 'తర్వాత ఏం జరిగింది' అంటారు చూశారా, అక్కడ."

"చెప్తే?"

"తీవ్రమైన, ఆకస్మికమైన ప్రకోపనం. మూడువందల నాలుగులోకి దిగుతుందండి. కానీ పీపీ గారు ఊరుకోరు. పోలీసులకెందుకు చెప్పలేదంటారు, సాక్షి ఎదురు తిరిగాడు, హోస్టయిల్ అంటారు. ఇంకోటి కూడా అంటారు." గోడ వైపు చూశాడు. "పక్కన మొగుడికే రాని కోపం అతనికెందుకొచ్చిందయ్యా అంటారు. నేనాయన స్థానంలో ఉంటే మొట్టమొదట అదే అడుగుతానండి. ఏమనుకోకండి. మీరు నేర్పిందే."

ఏమనుకుంటాను! సరైన ప్రశ్న. ఆకస్మికం అంటే ఏమిటి? క్షణంలో పుట్టి క్షణంలో మనిషిని మింగేది అని వ్యాఖ్యానాలన్నీ చెప్తాయి. చల్లబడే వ్యవధి ఉంటే అది ఆకస్మికం కాదు, కక్ష. నా విషయం నాకు తెలుసు. నాది పెళ్ళి పందిట్లో పుట్టి ఈ వరండా దాకా వచ్చింది, ఒక్క రోజు చల్లబడలేదు, ఒక్క రోజు మండలేదు; నివురు కింద నిప్పులా కూడా కాదు, నీళ్ళల్లో నానిన సున్నంలా. చట్టం దృష్టిలో నాది ఉద్దేశపూర్వకం. అతనిది ఆకస్మికం అని నేను ప్రమాణం చేసి చెప్పాలి. అది నాకు నిజంగా తెలుసా? ఆ గొంతులో ఆ పేరు దొర్లిన ఏళ్ళన్నీ కలిసి లేచిందేమో ఆ కత్తి! నేను చెప్పగలిగింది విన్న మాట, చూసిన దెబ్బ. రెండిటికీ మధ్య ఊపిరి తీసుకునే ఎడం లేదు. అంతవరకు నిజం. అంతవరకే సాక్ష్యం.

చెప్పకపోతే ఏమవుతుంది? ఇదే ఊళ్ళో, సెంట్రల్ జైలు. ములాఖత్ రోజున ఆవిడ రావులపాలెంలో బస్సెక్కుతుంది, గోదావరి దాటుతుంది, జైలు గేటు దగ్గర క్యూలో నిలబడుతుంది. ఒకసారి నేనే తీసుకొచ్చాను. బయట టీ బడ్డీ దగ్గర నిలబడ్డాను. తిరుగు బస్సులో నేను కిటికీలోంచి చూశాను, ఆవిడ ఎటూ చూడలేదు. అలా ఆవిడ జీవితమంతా వెళ్తూ ఉంటుంది. అతను ఊచల వెనక, ఆవిడ పేరు కాపాడటానికి నోరు కట్టేసుకున్న మనిషిగా, ముసలివాడవుతూ, రోజురోజుకూ పెద్దవాడవుతూ ఉంటాడు. పోటీ పడటానికి బతికున్న మనిషి కూడా మిగలడు నాకు, ఒక త్యాగం మిగులుతుంది. చెప్తే? కొన్నేళ్ళకు గుమ్మం ముందు సైకిలాగుతుంది. మాణిక్యం, కాఫీ ఉందా? ఆవిడ భుజాలు. రెండు దారుల చివరా అతనే ఉన్నాడు. నిజం చెప్పాలన్నది నా నియమం కదా, మరి ఈ లెక్కలెందుకు వేస్తున్నాను? నిజం చెప్పడానికి కూడా నా అసూయకు ఏది లాభమో చూసుకోవలసి వచ్చింది. త్యాగమూర్తి కంటే సైకిలు మీద వచ్చే బావే నయం అని తేలితేనే నిజం చెప్తానన్నమాట, హేతువాదిని!

మెట్ల మీద చెప్పుల చప్పుడు. ప్లీడర్లు కాదు, నెమ్మదైన చప్పుడు, ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతోంది, మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషిది. తల తిప్పకముందే తెలిసింది. చేతిలో కారియరు, భుజం మీదుగా కప్పుకున్న కొంగు. వద్దని చెప్పి వచ్చాను, అయినా వచ్చింది. పక్కన కూర్చుని మూత తీసింది, పెరుగన్నం, మాగాయ ముక్క.

"పొద్దున ఏం తినలేదు మీరు. తినండి, పిలిచేస్తారు."

"ఎందుకొచ్చావు?"

"బస్సుంది, వచ్చాను." కాసేపు కింద ఆవరణ వైపు చూసింది. కానిస్టేబుళ్ళు ఉన్న వైపే. నేను ఆ చూపును కొలిచాను, ఎప్పుడూ కొలిచేదే. "ఆ రోజు వాడేమన్నాడో నాకు తెలుసండి."

ముద్ద చేతిలోనే ఆగింది. "ఎవరు చెప్పారు?"

"ఆ పక్క తోటలో కూలికెళ్ళే పాపాయి చెప్పింది, ఆ సాయంత్రమే, మీరు స్నానం చేస్తుంటే. ఊళ్ళో ఆడాళ్ళందరికీ తెలుసు. మగాళ్ళే, ఏదో పెద్ద రహస్యం దాచిపెట్టామని తిరుగుతున్నారు. బుల్లిరాజు గారైతే నన్ను చూస్తే చాలు తల దించుకుంటున్నాడు, పాపం మెడ పట్టేస్తుందేమో."

"మరి ఇన్నాళ్ళూ నన్నడగలేదే?"

"మీరే చెప్తారనుకున్నాను."

అన్నం తిన్నాను. ఆవిడ కారియరు గిన్నె అంచున అంటిన మెతుకును వేలితో తీసేసింది. "నా పేరు కోర్టులో పలికితే నాకేం అవుతుందండీ? ఈ వయసులో ఇంకా ఏమనుకుంటారు? ఉన్న పేరే కదా. నాకు లేని సిగ్గు మీ అందరికీ ఏంటి? బావకి పౌరుషం, పెద్దలకి పరువు, మీకేమో..." ఆగింది.

"నాకేమో?"

"మీకే తెలుసు."

ఆవిడ కళ్ళల్లోకి చూశాను. పూర్తిగా తెలుసు ఆవిడకు. నేను తిప్పిన చదవని పేజీలన్నీ లెక్కపెట్టి ఉంచినట్టుంది ఆ చూపు. అప్పుడు నా నోట్లోంచి ఒక ప్రశ్న వచ్చింది, ఇన్నేళ్ళూ ఏ సభలోనూ ఏ పుస్తకం మీదా వేయని ప్రశ్న, గొంతు సవరించుకోకుండానే. "ఆ సిద్ధాంతి వద్దనకపోతే... అతన్నే చేసుకుని ఉంటే బాగుండేదని ఎప్పుడైనా అనుకున్నావా?"

ఆవిడ కారియరు మూతలు ఒకదాని మీద ఒకటి పేర్చి, గొళ్ళెం బిగించి, అప్పుడు నా వైపు తిరిగింది. "ముప్పై ఆరేళ్ళు ఇంట్లో కూర్చుని కోర్టు వరండాలో అడుగుతారేంటండీ? మొదట్లో అడిగితే చెప్పేదాన్ని, నడుమ అడిగినా చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పను. నేనేం చెప్పినా అది మెడకు కట్టుకుని లోపలికెళ్తారు మీరు. ముందెళ్ళి విన్నది చెప్పి రండి."

భీమరాజూ! భీమరాజూ! భీమరాజూ! బంట్రోతు గుమ్మంలో నిలబడి మూడుసార్లు, గారు లేకుండా, ఊరంతా వినేలా కేకేశాడు, ఎదురుగానే ఉన్నానని కనిపిస్తున్నా. లేచాను. చెయ్యి కడుక్కోవడానికి వ్యవధి లేదు, ఆవిడ కొంగు అందించింది, తుడుచుకున్నాను.

బోనులో దేవుడి మీద ప్రమాణం చేయమంటే మనస్సాక్షి మీద చేస్తానన్నాను, జడ్జి గారు కళ్ళజోడు పైనుంచి ఒకసారి చూసి సరే అన్నారు. ఈ ఘట్టం కోసం ఎన్ని వాక్యాలు తయారుచేసుకున్నానో, ఒక్కటీ అవసరం పడలేదు. ఎదురుగా ముద్దాయి స్థానంలో చంద్రరావు. చిక్కిపోయాడు, తెల్లటి గడ్డం. నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు, చాలా చిన్నగా, వద్దు మాస్టారూ అని. జీవితంలో మొదటిసారి ఈ మనిషి నన్ను ఏదో అడుగుతున్నాడు, కాదనే అధికారం నా చేతిలో ఉంది. ఎంత తియ్యగా ఉందో! ఆ తీపి కూడా అసూయదే, దాన్ని కాదనను. పీపీ గారు తోట, గట్టు, కత్తి అన్నీ వరసగా అడుగుతూ వచ్చి, తర్వాత ఏం జరిగింది అన్నారు. గణేష్‌బాబు అన్న మాటను అక్షరం మార్చకుండా, పుస్తకాల ముక్కతో సహా, చెప్పాను. హాలు కదిలింది. అశోక్ కలం ఆగింది. చంద్రరావు కళ్ళు మూసుకున్నాడు.

"ఎవర్ని ఉద్దేశించి అన్నాడు?" జడ్జి గారు అడిగారు.

"నా భార్యను."

"ఆవిడ పేరు?"

గొంతు సవరించుకోబోయి మానేశాను. "రత్నమాణిక్యం." నా గొంతులో ఆ పేరు ఎలా ఉంటుందో నాకే తెలియదు, కొత్త చెప్పుల్లా కరిచింది. టైపిస్టు వినబడలేదన్నట్టు చూశాడు. మళ్ళీ, ఇంకొంచెం గట్టిగా చెప్పాను.

పీపీ గారికి మొహం ఎర్రబడింది. పోలీసులకెందుకు చెప్పలేదన్నారు, వాళ్ళు చూసిందే అడిగారు, నేను అంతే చెప్పి ఊరుకున్నాను అన్నాను. అప్పుడు రెండడుగులు ముందుకు వచ్చారు, అశోక్ చెప్పినట్టే. "భీమరాజు గారూ, మొగుడు మీరు. పక్కనే నిలబడ్డారు, మీ చెవులతో విన్నారు. మీకు రాని కోపం ఈ ముద్దాయికెందుకొచ్చింది?"

"నాకూ వచ్చిందండి," అన్నాను. "ఆయనకి నాకంటే ముందొచ్చింది."

టైపు మిషను ఆ మాటను కొట్టుకుంటూ పోయింది. చంద్రరావు కళ్ళు తెరిచి నా భుజం మీదుగా హాలు వెనక్కి చూశాడు, ఆవిడ వచ్చి కూర్చుని ఉండాలి. ఆవిడ ఎవరి వైపు చూస్తోందో తెలుసుకోవడానికి నేను తల తిప్పితే చాలు. జడ్జి గారి వైపే చూస్తూ నిలబడ్డాను.